గోదావరి మీద తెడ్డు ప్రయాణం: కయాక్, కనూ ట్రిప్పుల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఏటా చలికాలంలో రాజమండ్రి రేవుల నుంచి కొత్తవాళ్ళని చిన్న చిన్న జట్లుగా గోదావరి మీదకీ, డెల్టా కాలువల్లోకీ తీసుకెళ్తుంటాం. ఫోన్లోనూ, రేవులోనూ, పడవ ఎక్కబోతూ ఒక కాలు నీళ్ళలో పెట్టాక కూడా జనం అడిగే ప్రశ్నలు ఇవి. కొన్నిటికి ఒక్క ముక్కలో జవాబు చెప్పొచ్చు. లైఫ్ జాకెట్ గురించీ గాలి గురించీ మాత్రం అలా కుదరదు. మిగతావి వదిలేసినా ఆ రెండూ పూర్తిగా చదవండి.

కయాక్ అంటే ఏమిటి, కనూ అంటే ఏమిటి?

తెడ్డు చూసి చెప్పేయొచ్చు. రెండు చివరలా ఆకు ఉన్న తెడ్డుతో, కాళ్ళు ముందుకి చాపుకుని కూర్చుని నడిపేది కయాక్. ఒక చివరే ఆకు ఉన్న తెడ్డుతో, మోకాళ్ళ మీదో అడ్డపలక మీదో కూర్చుని నడిపేది కనూ. కయాక్ మంచుదేశాల ఇన్యూట్‌ల వేట పడవ. కర్రలతో, ఎముకలతో చట్రం కట్టి దానిమీద సీలు చర్మం బిగించేవాళ్ళు. ఇప్పుడు మనం ఎక్కేవి ప్లాస్టిక్‌వో, ఫైబర్‌వో, గాలి నింపినవో.

కనూ మాత్రం మనకి పేరే కొత్త. కొల్లేటిలో తాటిమాను తొలిచి చేసుకునే దోనె ఉందే, అది ఈ జాతి పడవే. అనకాపల్లి దగ్గర కొండకర్ల ఆవలో రెండు తాటి దోనెల్ని పక్కపక్కన కట్టి చూడ్డానికి వచ్చినవాళ్ళని తిప్పుతారు. కృష్ణ మీదా తుంగభద్ర మీదా తిరిగే పుట్టి వేరు. అది వెదురుతో బుట్టలా గుండ్రంగా అల్లింది, దానికి ముందూ వెనకా ఉండవు.

ఒకసారి నది మధ్య దిబ్బ, అదే లంక, దాని దగ్గర వల ఆరేసుకుంటున్న ఒక పెద్దాయనకి మా కనూ ఇచ్చి నడపమన్నాం. తెడ్డు వెనక్కి లాగాక వెంటనే నీళ్ళలోంచి తీయకుండా, చివర్లో ఆకుని కాస్త బయటికి తిప్పి నెట్టాడు. ఒక్కవైపే తెడ్డు వేస్తున్నా పడవ గీత గీసినట్టు సూటిగా వెళ్ళింది. ఆ కిటుకు కొత్తవాళ్ళ చేతికి ఎక్కడానికి మాకు రెండు రోజులు పడుతుంది.

నాకు ఈత రాదు. రావచ్చా?

రావచ్చు. ఈత వచ్చా రాదా అన్నదానికంటే, మొహం మీద నీళ్ళు పడితే బెదిరిపోతారా లేదా అన్నది మాకు ముఖ్యం. అందుకే ఈత రానివాళ్ళని మొదట నడుం లోతు నీళ్ళలో జాకెట్‌తో వెల్లకిలా తేలమంటాం. రెండు మూడు నిమిషాల్లో ఒంట్లో బిగువు పోయి, 'ఓహో, ఇది నన్ను మునగనివ్వదన్నమాట' అని మనసుకి తెలుస్తుంది. అది తెలిసినవాళ్ళనే పడవ ఎక్కిస్తాం. బెదురు తగ్గకపోతే ఆ రోజుకి ఒడ్డునే ఉండమంటాం, ఇంకోసారి రమ్మంటాం. దాన్ని తప్పుగా అనుకోకండి.

ఒడ్డు పక్కనే కదా వెళ్ళేది, లైఫ్ జాకెట్ వేసుకోవాల్సిందేనా?

వేసుకోవాల్సిందే. ఈతలో మెడల్స్ వచ్చినవాళ్ళైనా, ఒడ్డు పది గజాల్లో ఉన్నా, ఫొటో కోసం ఒక్క నిమిషమే అయినా.

2017 నవంబరు 12న విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నం దగ్గర, కృష్ణలో గోదావరి నీళ్ళు కలిసే పవిత్ర సంగమంలో పడవ తిరగబడింది. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర వరద గోదావరిలో పాపికొండలకి వెళ్తున్న పర్యాటకుల బోటు మునిగింది. ఈ రెండు రోజులూ మన నదుల మీద తిరిగేవాళ్ళెవరూ మర్చిపోకూడనివి. కచ్చులూరులో ఒడ్డుకి చేరినవాళ్ళలో చాలామంది ఒంటిమీద జాకెట్ ఉన్నవాళ్ళే. పడవలో ఎక్కడో పెట్టిన జాకెట్, నీళ్ళలో పడ్డాక అందదు.

వేసుకోవడంలో కూడా పద్ధతి ఉంది. బకిళ్ళన్నీ పెట్టి, పక్క పట్టీలు లాగి బిగించాక, ఎదురుగా ఉన్నవాళ్ళని మీ జాకెట్ భుజాలు పట్టుకుని గట్టిగా పైకి లాగమనండి. జాకెట్ జారి చెవుల దాకా వస్తే అది వదులుగా ఉన్నట్టు. నీళ్ళలో పడ్డప్పుడు అది తలమీదుగా ఊడిపోతుంది, లేదా గడ్డానికి అడ్డుపడి ఊపిరాడనివ్వదు. రేవులో ప్రతి ఒక్కరినీ ఇలా లాగి చూశాకే పడవ నీళ్ళలోకి నెడతాం. ఎండగా ఉందని మధ్యలో బకిల్ తీసినవాళ్ళని అక్కడికక్కడే ఒడ్డుకి తీసుకొచ్చేస్తాం.

ఎప్పుడు రావాలి?

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా. మార్చిలో పొద్దున్న పూట మాత్రమే.

జూలై నుంచి సెప్టెంబరు దాకా గోదావరి మనది కాదు. భద్రాచలం దగ్గర నీటిమట్టం 43 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జూలైలో అది 71 అడుగులు దాటింది. 1986 ఆగస్టులో 75.6 అడుగులకి వెళ్ళింది. అక్కడ పెరిగిన నీరు ఒక రోజు అటూ ఇటూగా మన దగ్గరికి వస్తుంది కాబట్టి, ట్రిప్పు ముందు రోజు మేం చూసేది రాజమండ్రి ఆకాశాన్ని కాదు, భద్రాచలం మట్టాన్ని. మన ఊళ్ళో చినుకు పడకపోయినా ఎగువన ఇంద్రావతి, శబరి పొంగితే ఇక్కడ రేవు మెట్లు మునుగుతాయి. వరద తీసాక కూడా కొన్నాళ్ళు ఎర్రనీళ్ళలో మాన్లూ దుంగలూ కొట్టుకొస్తుంటాయి. నీళ్ళు తేరి, మెట్ల మీది ఒండ్రు ఆరేదాకా ఆగుతాం.

డిసెంబరు, జనవరిల్లో తెల్లవారుజామున మంచు దట్టంగా ఉంటుంది. అవతలి ఒడ్డు సంగతి అటుంచి, ముందు పడవ కూడా కనిపించని రోజులుంటాయి. అప్పుడు మంచు విడేదాకా రేవులోనే టీ తాగుతూ కూర్చుంటాం.

నిలవ నీళ్ళే కదా, ప్రమాదం ఏముంటుంది?

రాజమండ్రి, కొవ్వూరు మధ్య గోదావరి చలికాలంలో చెరువులాగే ఉంటుంది, నిజమే. కాటన్ దొర 1852లో పూర్తి చేసిన ఆనకట్ట చోట ఇప్పుడున్న ధవళేశ్వరం బ్యారేజీ నీటిని ఆపి ఉంచడం వల్ల ఆ నిలకడ వచ్చింది. ఆ నిలకడ చూసే కొత్తవాళ్ళు ధైర్యం చేస్తారు. మాకు భయం వేసేది అక్కడే.

మొదటిది గాలి. అడ్డు లేకుండా నీటి మీద గాలి ఎంత దూరం పరుగెత్తితే అల అంత పెద్దదవుతుంది. రాజమండ్రి పాత రైలు వంతెన హేవలాక్ పొడవే రెండున్నర కిలోమీటర్లకి పైన. అంత వెడల్పున్న నీటి మీద గాలి లేస్తే అరగంటలో అద్దంలాంటి నీళ్ళు నురగ కక్కుతాయి. పైగా తేలికైన కయాక్ ముక్కు దానంతటదే గాలివైపు తిరిగిపోతుంది. దాన్ని దారిలో పెట్టడానికే సగం బలం అయిపోతుంది.

మొదట్లో మేం ఈ పాఠం కష్టపడి నేర్చుకున్నాం. ఒక ఆదివారం లంక మీద ఇసుకలో కూర్చుని ఉప్మా తిని, కబుర్లలో పడి పదకొండు గంటలకి తిరుగు ప్రయాణం మొదలుపెట్టాం. పొద్దున్న నలభై నిమిషాల్లో వెళ్ళిన దూరం ఎదురుగాలికి రెండు గంటలు పట్టింది. ఒక జంట పడవ ముందుకి రాకపోగా వెనక్కి కొట్టుకుపోతుంటే, అటుగా వెళ్తున్న ఇంజను నావ ఆయన తాడు వేసి లాక్కొచ్చాడు. డబ్బులిస్తే తీసుకోలేదు. "గాలికి ముందే ఇంటికెళ్ళాలి బాబూ" అన్నాడు. ఆ రోజు నుంచీ మా లెక్క మారింది. వెళ్ళేటప్పుడు ఎదురుగాలికి వెళ్తాం, ఒంట్లో ఓపిక ఉంటుంది కాబట్టి. వచ్చేటప్పుడు వాలుగాలి ఉండేలా చూసుకుంటాం. తొమ్మిదిన్నరకల్లా రేవులో ఉంటాం.

రెండోది బ్యారేజీ. గేట్ల పైవైపు నీరు కదలనట్టే కనిపిస్తుంది, కానీ ఎత్తిన గేటు కిందనుంచి నీటిని లాగేస్తుంటుంది. కిందివైపు ఇంకా ఘోరం. దూకిన నీరు అడుగున ముందుకెళ్ళి, పైన మళ్ళీ గేటు వైపుకే తిరిగొస్తుంది. అందులో పడ్డ దుంగ గంటల తరబడి అక్కడే దొర్లడం చూశాను. జాకెట్ ఉన్న మనిషికి కూడా అందులోంచి బయటపడడం కష్టం. గేట్లు లెక్కపెట్టగలిగేంత దగ్గరికి మేం ఎప్పుడూ వెళ్ళం. కాలువల మీది లాకులకీ, చిన్న చిన్న ఆనకట్టలకీ ఇదే నియమం. నాగార్జునసాగర్ లాంటి డ్యాముల దిగువన అయితే కరెంటు తయారీ మొదలుపెట్టగానే నీరు ఒక్కసారిగా పెరుగుతుంది.

ఇక వలలు, గుర్రపు డెక్క. వరసగా తేలుతున్న థర్మోకోల్ ముక్కలో, ఖాళీ సీసాలో కనిపిస్తే కింద వల ఉన్నట్టే. చుట్టూ తిరిగి వెళ్ళండి. గుర్రపు డెక్క చాపలా పరుచుకున్న చోట పడవని అందులోకి తోయకండి. వెళ్ళడం తేలిక, వెనక్కి రావడం కాదు.

పడవ తిరగబడితే ఏం చేయాలి?

ముందు పడవని వదలకండి. తెడ్డు పోయినా ఫరవాలేదు. మా పడవలు పైన కూర్చునే రకం, లోపల ఇరుక్కునే భయం లేదు, మునగవు కూడా. బోర్లాపడిన పడవ మీదుగా చేయి చాపి అవతలి అంచు పట్టుకుని, మోకాలు ఇవతలి అంచుకి ఆనించి, బరువంతా వెనక్కి వేస్తే అది తిరిగి వెల్లకిలా పడుతుంది. ఇప్పుడు పడవ నడుము దగ్గరికి వచ్చి, కాళ్ళు నీటి పైకి వచ్చేలా తన్నుతూ, చేపలా పొట్ట మీద పడవపైకి జారండి. కూర్చోవాలని తొందరపడితే మళ్ళీ బోల్తా. పొట్ట మీద పడుకుని ఒక్క ఊపిరి తీసుకుని, నెమ్మదిగా పక్కకి దొర్లి, పిర్రలు సీట్లో ఆనాక కాళ్ళు లోపలికి తెచ్చుకోండి.

ఇది చదివితే రాదు. మొదటి రోజు ప్రతి ఒక్కరూ రేవు దగ్గర కావాలని ఒకసారి పడాల్సిందే. పడి లేచినవాళ్ళ మొహంలో వచ్చే మార్పు చూడాలి. అప్పటిదాకా పడవ అంచులు పట్టుకుని కూర్చున్న చేతులు తెడ్డు మీదకి వెళ్తాయి.

తెడ్డు వేయడం ఎంతసేపట్లో వస్తుంది? చేతులు నొప్పి పుడతాయా?

ముందుకి, వెనక్కి, ఆపడం, తిప్పడం, ఈ నాలుగూ గంటలో వచ్చేస్తాయి. చేతులతో లాగితే మాత్రం అరగంటకే భుజాలు పట్టేస్తాయి. కవ్వంతో మజ్జిగ చిలికేటప్పుడు ఒళ్ళు ఎలా ఊగుతుందో గుర్తు తెచ్చుకోండి. నడుము పైభాగం తిరగాలి, చేతులు దానివెంట వెళ్ళాలి. తెడ్డు ఆకుని పాదాల దగ్గర నీళ్ళలో ముంచి, తుంటి దగ్గరికి రాగానే తీసేయాలి. అంతకంటే వెనక్కి లాగితే పడవ వంకర తిరగడం తప్ప లాభం లేదు. పట్టు వదులుగా ఉండాలి. బిగించి పట్టుకున్నవాళ్ళకే బొటనవేలి మొదట్లో బొబ్బలొస్తాయి.

ఎంత దూరం వెళ్తాం?

కొత్తవాళ్ళు గంటకి నాలుగు కిలోమీటర్ల చొప్పున వెళ్తారు. మొదటి ట్రిప్పు ఐదారు కిలోమీటర్లు, మధ్యలో లంక మీద విశ్రాంతి.

కోనసీమ కాలువల్లో వెళ్ళొచ్చా?

వెళ్ళొచ్చు, నా మనసుకి అన్నిటికంటే నచ్చిన దారి అదే. డెల్టా కాలువలు తవ్వింది సాగుకే కాదు, రవాణాకి కూడా. ఒకప్పుడు గూడు పడవల్లో ధాన్యం, కొబ్బరికాయలు వెళ్ళేవి. గాలి లేనప్పుడు గట్టు మీద మనుషులు తాడు భుజాన వేసుకుని పడవని లాగేవాళ్ళు. పడవల్ని ఒక మట్టం నుంచి ఇంకో మట్టానికి దింపడానికే లాకులు కట్టారు. ఆత్రేయపురం దగ్గర లొల్ల లాకుల్ని చూస్తే ఆ ఏర్పాటు అర్థమవుతుంది. సంక్రాంతికి ఆత్రేయపురంలో పడవ పందేలు కూడా పెడుతున్నారు.

కాలువలో గాలి బాధ తక్కువ. రెండు గట్ల మీదా కొబ్బరిచెట్లు, నీళ్ళలోకి వంగిన కొమ్మలు, బట్టలుతికే రేవులు, బడికెళ్ళే పిల్లల కేకలు. తెడ్డు ఎత్తి పట్టుకుని ఊరుకుంటే ఆకు అంచునుంచి చుక్కలు ఒక్కొక్కటే నీళ్ళ మీద పడే చప్పుడు, ఎక్కడో వరి చేలో పంపు చప్పుడు వినిపిస్తాయి. లాంచీలో వెళ్తే ఇంజను మోతలో ఇవేవీ చెవిన పడవు. వంతెనల కింద మాత్రం తల వంచండి, నీరు సన్నబడిన చోట వడి పెరుగుతుంది. లాకు కనిపించగానే ఒడ్డుకి చేర్చి, పడవని గట్టు మీదుగా మోసుకెళ్ళి అవతల దింపుకోవాలి. వేసవిలో కాలువలు కట్టేస్తారు, అప్పుడు వెళ్ళడానికి నీళ్ళే ఉండవు.

యానాం, కోరింగ వైపు వస్తారా?

అక్కడ నది లెక్క వేరు, సముద్రం లెక్క వేరు. బ్యారేజీ దిగువన గౌతమిలోనూ వసిష్ఠలోనూ పోటూ పాటూ నడుస్తాయి. సుమారు ఆరు గంటలు నీరు ఎక్కుతుంది, ఆరు గంటలు దిగుతుంది, ఏ రోజుకారోజు ఆ వేళ సుమారు యాభై నిమిషాలు ఆలస్యమవుతుంది. అమావాస్యకీ పౌర్ణమికీ పోటు పెద్దది. పాటు వేళ మడ అడవిలోని సన్న పాయలోకి వెళ్తే, చూస్తుండగానే నీరు జారిపోయి పడవ బురదలో కూర్చుంటుంది. ఆ బురదలో దిగి నడవలేరు, మళ్ళీ పోటు వచ్చేదాకా అక్కడే. అందుకని ఆ దారిలో పుట్టి పెరిగిన మత్స్యకారుడు వెంట లేకుండా మేం వెళ్ళం. కోరింగ అభయారణ్యం కాబట్టి లోపలికి అటవీ శాఖ అనుమతి తప్పనిసరి. నీటికుక్కలు అక్కడ గుంపులుగా ఈదడం చూడొచ్చు. బావురుపిల్లి కూడా ఉంది గానీ కంటపడడం చాలా అరుదు.

పాపికొండలకి కయాక్‌లో తీసుకెళ్తారా?

కొత్తవాళ్ళని తీసుకెళ్ళం. కొండల మధ్య నది సన్నబడి, లోతు పెరిగి, సుళ్ళు పుడతాయి. రెండు పక్కలా నిట్టనిలువు కొండలున్న చోట ఆగడానికి ఒడ్డు కూడా దొరకదు. 2008లో జాతీయ పార్కుగా ప్రకటించిన అడవి అది, అనుమతులు కావాలి. చూడాలనుంటే పర్యాటక బోటులో, జాకెట్ తీయకుండా, చూసి రండి.

మేం హైదరాబాద్ వాళ్ళం. అంత దూరం రాకుండా ఎక్కడైనా నేర్చుకోవచ్చా?

వికారాబాద్ దగ్గర కోట్‌పల్లి జలాశయం కొత్తవాళ్ళకి చాలా అనువైనది, కయాక్‌లు అద్దెకి దొరుకుతాయి. అక్కడ రెండు మూడు సార్లు తెడ్డు వేసి వచ్చినవాళ్ళు గోదావరి మీద మొదటి రోజే హాయిగా ఉంటారు. కాకతీయుల కాలపు లక్నవరం, పాకాల చెరువులు అందంలో దేనికీ తీసిపోవు. కానీ కనిపించిన ప్రతి చెరువులోనూ పడవ దింపకూడదు. జలాశయాలు నీటిపారుదల శాఖవి, అభయారణ్యాలు అటవీ శాఖవి. గండిపేట లాంటివి తాగునీటి చెరువులు. అడిగి, అనుమతి తీసుకుని దిగండి. కొల్లేరులో అయితే గూడబాతులు గూళ్ళు పెట్టుకునే కాలంలో వాటి దరిదాపులకి వెళ్ళకండి. పెద్ద పక్షి బెదిరి లేస్తే గూట్లో పిల్లలు ఎండకీ కాకులకీ దొరికిపోతాయి.

మొసళ్ళు, పాములు ఉంటాయా?

రాజమండ్రి పరిసరాల్లో మేం తిరిగే చోట ఇన్నేళ్ళలో మొసలి కనపడలేదు. మంజీర అభయారణ్యం వాటికి పేరుపడ్డది, నాగార్జునసాగర్, శ్రీశైలం జలాశయాల్లో కూడా ఉన్నాయి. అటు వెళ్తే ముందు ఆ రేవువాళ్ళని అడగండి. నీళ్ళలో కనిపించే పాముల్లో ఎక్కువ నీరుకట్టెలే, వాటికి విషం లేదు. ఏ పామైనా సరే, దాని దారిన దాన్ని పోనివ్వండి.

ఏం వేసుకోవాలి, ఏం తెచ్చుకోవాలి?

జీన్స్ వద్దు, తడిస్తే రాయిలా బరువు. త్వరగా ఆరే బట్టలు, పొడుగు చేతుల చొక్కా, తాడున్న టోపీ, వెనక పట్టీ ఉన్న చెప్పులు. రేవుల్లో పగిలిన గాజు ఉంటుంది, ఉత్త కాళ్ళతో దిగకండి. ఎండ పైనుంచీ, నీటి మీదనుంచీ రెండు వైపులా కొడుతుంది కాబట్టి మనిషికి కనీసం రెండు లీటర్ల నీళ్ళు. ఫోనుకి తడవని సంచీ మేం ఇస్తాం. ఉంగరాలు, గొలుసులు ఇంట్లో పెట్టి రండి.

పిల్లల్ని తీసుకురావచ్చా?

ఎనిమిదేళ్ళు దాటితే, ఇద్దరు కూర్చునే పడవలో, పెద్దవాళ్ళు వెనక కూర్చుని నడిపేలా. పిల్లలకి పిల్లల కొలత జాకెట్టే ఉండాలి, పెద్దది బిగించి సరిపెట్టం. అరవై దాటినవాళ్ళు చాలామంది వచ్చారు, నడుం నొప్పి, గుండె జబ్బు లాంటివి ఉంటే ముందే చెప్పండి.

సొంతంగా కయాక్ కొనుక్కోమంటారా?

ఒక సీజనంతా అద్దె పడవలో తిరిగాక కొనండి. అపార్టుమెంట్‌లో ఉండేవాళ్ళకి గాలి నింపే రకం బాగుంటుంది, డిక్కీలో పడుతుంది. కానీ గాలికి త్వరగా కొట్టుకుపోతుంది, చిన్న చెరువులకే వాడండి. ఎండలో పూర్తిగా గాలి నింపి ఒడ్డున వదిలేస్తే వేడికి ఉబ్బి అతుకులు విడిపోతాయి. డబ్బు తక్కువైతే పడవ చవకది కొనండి, జాకెట్ మాత్రం మంచిది కొనండి.

దీన్ని ఆటగా నేర్చుకుని పోటీలకి వెళ్ళొచ్చా?

తప్పకుండా. నిలవ నీటి మీద జరిగే స్ప్రింట్ పందేలు 1936 బెర్లిన్ నుంచీ ఒలింపిక్స్‌లో ఉన్నాయి. 200, 500, 1000 మీటర్ల దూరాలు. మన దేశంలో భోపాల్ పెద్ద చెరువు ఈ ఆటకి ముఖ్య కేంద్రం. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో అర్జున్ సింగ్, సునీల్ సింగ్ సలాం ఇద్దరి కనూ 1000 మీటర్లలో కాంస్యం తెచ్చారు. టోక్యో పారాలింపిక్స్‌లో ప్రాచీ యాదవ్ ఫైనల్ దాకా వెళ్ళింది, ఆ తర్వాత ఆసియా పారా క్రీడల్లో స్వర్ణం గెలిచింది. ఇంత నది పక్కన, ఇన్ని కాలువల మధ్య పెరిగిన మన పిల్లలు ఆ వరసలో లేకపోవడం నాకు నిజంగా బాధగా ఉంటుంది. పదేళ్ళ వయసులో మొదలుపెట్టినా ఆలస్యం కాదు. మీ పిల్లలకి ఆసక్తి ఉంటే మాకు చెప్పండి, చేతనైనంత నేర్పుతాం.

రేవుకి ఎన్ని గంటలకి రావాలి?

ఐదున్నరకి. జాకెట్లు, పడే అభ్యాసం, టీ అయ్యేసరికి ఆరున్నర అవుతుంది. అప్పటికి వంతెన అవతల వెలుగు వస్తుంది, మొదటి చేపల నావలు రేవుకి చేరుతుంటాయి. వాళ్ళకి దారి ఇచ్చి, పలకరించి, ఈ రోజు గాలి ఎటునుంచి అని అడిగి బయల్దేరతాం.